పాప ముఖం గురించి రాస్తున్నా, నిదానంగా చదువు అమ్మీ

అమ్మీ,

ప్రభువు నామంలో నీకూ అల్లునికీ పాపకూ వందనాలు. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకు సరిగ్గా మాట రాలేదు, పెట్టేసిన తర్వాత నిద్ర కూడా పట్టలేదు. అందుకే తెల్లవారుజామున ప్రార్థన అయిపోగానే కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నా. పొడుగవుతుంది, పనులన్నీ అయ్యాక చదువు. నువ్వు అడిగింది ఒకటే ప్రశ్న, "అత్తా, అందం గురించి పాపకు వాక్యం ప్రకారం ఎట్లా చెప్పాలి?" అని. చెప్తా. కానీ వాక్యం కంటే ముందు, పాప తెల్లబడాలని నెలల తరబడి ముఖానికి రాసుకుంటున్న ఆ ట్యూబు సంగతి చూడాలి. 30 ఏళ్లకు పైగా నర్సుగా చేసినదాన్ని, అది వదిలేసి వాక్యం చెప్పడానికి నాకు మనసొప్పదు.

నువ్వు ట్యూబు మీది పేరు చదివి వినిపించావు కదా, అందులో క్లోబెటసాల్ అని ఉంది. అది గట్టి స్టిరాయిడ్. సోరియాసిస్, ఎగ్జిమా లాంటి మొండి జబ్బులకు చర్మం డాక్టరు చూసి, ఇన్ని రోజులే అని లెక్క చెప్పి రాసే మందు. ముఖానికి రోజూ పౌడరులా రాసుకునేది కాదు. 2018లో ప్రభుత్వం ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అయినా కొన్ని షాపుల్లో "తెల్లబడే క్రీమ్ ఇవ్వండి" అంటే ఇంకా చేతిలో పెడుతున్నారు. మొదట్లో ముఖం నిజంగానే తేటగా కనిపిస్తుంది, అక్కడే పిల్లలు పడిపోతారు. తర్వాత చర్మం పలచబడుతుంది, చెంపల మీద సన్నని ఎర్రదారాల్లా రక్తనాళాలు కనబడతాయి, మొటిమలు లేస్తాయి, ఎండలోకి పోతే మంట, గడ్డం దగ్గర నూగు వెంట్రుకలు. మానేస్తే ఇంకా ఎర్రబడి మండుతుంది, అది చూసి భయపడి మళ్ళీ అదే ట్యూబు తీస్తారు. నువ్వు వీడియో కాల్లో చూపించినప్పుడు పాప చెంప నాకు అట్లాగే కనిపించింది.

కాబట్టి ఈ వారంలోనే అనంతపురంలో ప్రభుత్వ ఆస్పత్రి చర్మ విభాగానికి తీసుకుపో, ఆ ట్యూబు కూడా చేతిలో పట్టుకుని పో, ఎన్ని నెలలు రాసిందో దాచకుండా చెప్పించు. ఎట్లా మాన్పించాలో డాక్టరే చెప్తారు. ఈలోగా పసుపు, నిమ్మకాయ, శెనగపిండి, ఎవరో చెప్పిన ఇంకో క్రీమ్, ఏదీ ఆ ముఖం మీద పెట్టొద్దు. పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే క్రీములైతే మరీ వద్దు, కొన్నిట్లో పాదరసం కలుపుతారు, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. తగ్గడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో పాప అద్దం ముందు ఏడుస్తుంది, దానికి సిద్ధంగా ఉండు.

ఇంకొక మాట, "ఎందుకు రాశావే, నిన్నెవరు రాయమన్నారు" అని గట్టిగా అడగొద్దు. 16 ఏళ్ల పిల్ల తన పాకెట్ మనీ దాచుకుని, ఎవరికీ తెలియకుండా మెడికల్ షాపుకు పోయి, మంట పుడుతున్నా ఓర్చుకుని అన్ని నెలలు రాసుకుందంటే అది సోకు కోసం అనుకుంటున్నావా? ఆ పిల్లకు ఎవరో ఏదో అన్నారు. ఒకసారి కాదు, ఒకరు కాదు.

అమ్మీ, ఆ అన్నవాళ్లలో మొదటిదాన్ని నేనే. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు కాన్పుకు జమ్మలమడుగు వచ్చినప్పుడు ఆ రోజు డ్యూటీ నాదే కదా. పాపను తుడిచి, బరువు చూసి, గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి మీ అమ్మ చేతుల్లో పెట్టాను. 3 కిలోలు, మంచి ఏడుపు, పిడికిళ్లు గట్టిగా బిగించుకుని ఉంది. మీ అమ్మ గుడ్డ కొంచెం తప్పించి చెవులు చూసింది. మన దగ్గర అందరూ చూస్తారు కదా, పుట్టినప్పుడు పిల్లలు ఎర్రగానే ఉంటారు, చెవుల చివర ఏ రంగుంటే పెద్దయ్యాక ఆ రంగే వస్తుందని. నేను కూడా వంగి చూసి, "నలుపే వస్తుందిలే మరదలా, మన నాయన పోలిక" అన్నాను. అన్నది అంతే. కానీ మీ అమ్మ ముఖం వాడిపోవడం నేను చూశాను. లోపలికి వచ్చి నీతో ఆమె చెప్పిన మొదటి మాట కూడా అదే అని తర్వాత విన్నాను. నా సర్వీసులో కొన్ని వేలమంది పిల్లల్ని చేతుల్లోకి తీసుకున్నా, ఎంతమంది చెవులు చూసి ఎంతమంది తల్లులకు ఆ మాట చెప్పానో నాకే తెలియదు. ప్రతి ఆదివారం గుడికి పోయేదాన్నే. "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అని 139వ కీర్తన నోటికి చెప్పేదాన్నే. ఆ నిర్మించినవాని పని అప్పుడే బయటికి వస్తే, నేను పక్కన నిలబడి దానికి వంక పెట్టాను. రిటైరయ్యాక ఒక రోజు ఆ కీర్తన చదువుతుంటే ఇది నాకు గుచ్చుకుంది, ఆ రోజు మోకాళ్ల మీద చాలాసేపు ఉండిపోయాను.

అందుకే నా మొదటి సలహా పాప గురించి కాదు, ఇంట్లో పెద్దల నోటి గురించి. మీ ఇంట్లో రంగు గురించి మాట్లాడడం ఆపించు. అవి తిట్లు కూడా కానక్కరలేదు, మామూలు మాటలే. "ఈ కలరు డ్రెస్సు నీకు నప్పదు, ఇంకా నల్లగా కనబడతావు." "ఎండలో తిరగొద్దు, నల్లబడతావు." "వాళ్ల చిన్నమ్మాయి ఎర్రగా భలే ఉంటుంది." "రంగు తక్కువ, బాగా చదివించండి." ఎండలో తిరగొద్దు అనాలంటే వడదెబ్బ తగులుతుంది అని చెప్పు, అనంతపురం ఎండకు ఆ కారణం చాలు. నీ ఆడబిడ్డ ఎప్పుడొచ్చినా అనే మాట ఒకటుంది కదా, "నలుపైనా ముఖంలో కళ ఉంది" అని. ఆమె ప్రేమతోనే అంటుంది, నాకు తెలుసు. కానీ ఆ "ఐనా" ఉంది చూడు, పిల్లకు వినబడేది అదొక్కటే.

మీ అత్తగారితో నువ్వు మాట్లాడితే ఇంట్లో గొడవవుతుంది. అల్లుణ్ణి మాట్లాడమను, తన తల్లితో తనే చెప్పుకోవాలి, అది కొడుకు పని. మిగతా చుట్టాలకు మాత్రం నువ్వే చెప్పొచ్చు, కోపంగా అక్కర్లేదు, "పాప రంగు గురించి మా ఇంట్లో మాట్లాడుకోం వదినా" అని ఒక్క ముక్క, పాప వింటుండగా. పాప వినడం ముఖ్యం.

ఇక వాక్యం.

సామెతల్లోని "అందము మోసకరము సౌందర్యము వ్యర్థము" అనే మాట దానికి చెప్పాలనుకుంటున్నానని అన్నావు. ఇప్పుడు వద్దు. ఆ వాక్యం నిజం కాదని కాదు, నేనూ నమ్ముతాను. కానీ మనం ఆ వాక్యం ఎవరికి చెప్తున్నామో గమనించావా? చూడచక్కని పిల్లకు ఎవరూ చెప్పరు, ఆమెను ముద్దు చేస్తారు. రంగు తక్కువనో, లావనో, పళ్లు ఎత్తనో పేరుపడిన పిల్లను కూర్చోబెట్టి "అందం వ్యర్థం అమ్మా" అంటారు. అంటే ఆ పిల్లకు అర్థమయ్యేది "నీకు అందం లేదు, దేవునితో సర్దుకో" అని. సొలొమోను పరమగీతం మొదటి అధ్యాయం తీయి, 5, 6 వచనాలు. అక్కడ మాట్లాడేది ఒక అమ్మాయి. "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అంటుంది. మళ్ళీ ఇక్కడ కూడా "ఐనను" ఉంది కదా అంటావేమో. మా స్త్రీల కూటంలో ఒకసారి హెబ్రీ చదువుకున్న పాస్టరుగారు దీన్ని వివరించారు. మూలంలో ఆ రెండు మాటలను కలిపేది ఒకే ఒక్క అక్షరం, వావ్. సందర్భాన్ని బట్టి దానికి "కానీ" అని అర్థం వస్తుంది, "మరియు" అనీ వస్తుంది. ఇంగ్లీషు బైబిళ్లలో కొన్ని ఒక రకంగా, కొన్ని ఇంకో రకంగా రాశాయి. "నేను నల్లనిదానను, సౌందర్యవంతురాలను" అని చదివినా తప్పేమీ లేదు. ఆ రోజు మా కూటంలో పెద్ద వయసు ఆడవాళ్లు, శెనక్కాయ చేలల్లో కలుపు తీసి తీసి వీపులు కాలినవాళ్లు, ఆ మాట విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకామె లేచి "ఇన్నేళ్లు మాకెవరూ ఎందుకు చెప్పలేదు సార్" అని అడిగింది.

6వ వచనం ఇంకా దగ్గరగా ఉంటుంది మనకు. తనను చిన్నచూపు చూడొద్దని, తనకు ఎండ తగిలిందని, అన్నలు తనను ద్రాక్షతోటకు కావలి పెట్టారని చెప్తుంది ఆ పిల్ల. మా అమ్మ, అంటే మీ జేజి, కథ కూడా అదే. మా నాయన, పెదనాయనలు బండి కట్టుకుని ఊళ్లు తిరిగితే చేను మొత్తం ఆమె మీదే పడేది. ఆమె మోచేతుల దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు. ఆ రంగుతోనే మమ్మల్ని ఐదుగురినీ చదివించింది. పాప చేతులు పట్టుకుని ఇది చెప్పు, నీ రంగు వచ్చింది ఇక్కడి నుంచి అని. జేజి ఫోటో ఒకటి నా దగ్గర ఉంది, తెస్తాను.

సమూయేలు కథ పాపకు తెలుసు, నువ్వే సండే స్కూల్లో చెప్పి ఉంటావు. కానీ మనం దాన్ని తొందరగా చెప్పేస్తాం. ఈసారి నిదానంగా చదివించు. బేత్లెహేములో యెష్షయి ఇంటికి సమూయేలు పోయింది రాజును చూసుకోవడానికి, ఒక రకంగా పెళ్లిచూపులకు పోయినట్టే. పెద్దవాడు ఏలీయాబు పొడుగ్గా వచ్చి నిలబడగానే, ఇతడే అనుకున్నాడు. అనుకున్నది ఎవరు? ప్రవక్త, చిన్నప్పటి నుంచి దేవుని స్వరం విన్నవాడు. అంతకు ముందు రాజైన సౌలు సంగతి చూసి కూడా, జనం అందరికంటే భుజాలపైకి ఎత్తైన సౌలు ఎట్లా పడిపోయాడో కళ్లారా చూసి కూడా, మళ్ళీ ఎత్తే చూశాడు. అప్పుడు దేవుడు అతనితో అన్న మాటే, "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును." ఈ మాట అన్నది ముఖం చూసి బాధపడుతున్న పిల్లతో కాదు అమ్మీ, ముఖం చూసి తూకం వేస్తున్న పెద్దాయనతో. మనం ఈ వాక్యాన్ని ఎప్పుడూ పిల్లలకే చెప్తాం, నిజానికి మనకు చెప్పింది అది. ఇంకోటి, నాలుగైదు వచనాలు పోగానే యెష్షయి చిన్న కొడుకు దావీదు గొర్రెల దగ్గర నుంచి వస్తాడు, అక్కడ బైబిలే అతను చక్కని కళ్లవాడని, చూడ్డానికి బాగుంటాడని రాసింది, దాచలేదు. బాగుండడం తప్పని దేవుడు ఎక్కడా అనలేదు. దాంతో మనిషిని తూచొద్దన్నాడు.

ఇప్పుడు మీ హాల్లో ఉన్న బొమ్మ గురించి. టీవీ పైన యేసుప్రభువు బొమ్మ ఉంది చూడు, తెల్లటి ముఖం, గోధుమరంగు జుట్టు, లేత కళ్లు. దాన్ని తీసేయమని నేను అనను, మీ మామగారు ప్రేమతో పెట్టుకున్నది. కానీ పాపకు ఒక నిజం చెప్పు. నాలుగు సువార్తల్లో ఎక్కడా ప్రభువు ముఖం ఎట్లా ఉండేదో ఒక్క వచనం లేదు. ఇట్లాంటి బొమ్మలు యూరప్, అమెరికా చిత్రకారులు వాళ్ల మనుషుల ముఖాలు చూసి గీసుకున్నవి. వాటిలో బాగా పేరుపడినది 1940లో వార్నర్ సాల్మన్ అనే అమెరికా ఆయన గీసింది, కోట్ల కాపీలు అచ్చయి ప్రపంచమంతా పోయింది. ప్రభువు నజరేతులో పెరిగిన యూదుడు, వడ్రంగి, ఎండలో కాలినడకన తిరిగినవాడు. యెషయా 53లో "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని ఉంది. మన పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ తెల్లముఖాన్నే దేవుడని చూస్తూ పెరిగితే, తాము దేవునికి దూరపు చుట్టాలమేమో అనుకోరా? పాప నాతో చిన్నప్పుడు ఒకసారి అడిగింది, "జేజీ, పరలోకంలో నేను తెల్లగా అవుతానా" అని. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజే జవాబు చెప్పి ఉండాల్సింది. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు కూడా అట్లాగే ఉన్నాయి, తోమాకు వాటినే చూపించాడు అని చెప్పి ఉండాల్సింది.

సండే స్కూలు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నువ్వు టీచరువి, ఇది నీ చేతిలో పని. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ, దేవదూత వేషాలు ఎవరికి ఇస్తున్నారో చూడు. పాప 8 ఏళ్లప్పుడు తెల్ల గౌను కుట్టించుకుని ఎదురు చూసింది, చివరికి దాని తలకు తువ్వాలు చుట్టి గొర్రెల కాపరిని చేశారు. వరుసగా మూడేళ్లు గొర్రెల కాపరే. ఎవరూ కావాలని చేయలేదు. కానీ ఆ గౌను మడత కూడా విప్పకుండా బీరువాలో ఉండిపోవడం నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఈ డిసెంబరుకు ఆ జాబితా నువ్వు రాయి.

మన సంఘాల పుట్టుక కూడా మరచిపోతున్నాం. 1822లో లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత ఈ జిల్లాల్లో సువార్త విని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? ఊరి బయట ఉంచబడినవాళ్లు, చేలల్లో కాలినవాళ్లు. వేరే చోట గడప తొక్కనివ్వని మనుషుల్ని ఇక్కడ బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. వాళ్ల మనవళ్లం, మునిమనవళ్లం మనం, ఇప్పుడు సంబంధాలు చూసేటప్పుడు "దైవభక్తి గల, తెల్లని, అందమైన అమ్మాయి కావలెను" అని బయోడేటాలు పంపుకుంటున్నాం. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి కుర్చీ, మురికిబట్టలవాడికి కాళ్లదగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని ఎట్లా కోప్పడ్డాడో చదువు, ఉంగరం ఉన్నచోట రంగు అని పెట్టుకుని చదివితే మన సంగతే.

ఇంకో ప్రశ్న నిన్న హడావిడిలో అడిగావు, మీరు కొత్తగా పోతున్న సంఘంలో కమ్మలు, గాజులు తీసేయమంటున్నారని, పాప ఒప్పుకోవడం లేదని. ఇందులో నేను తెగేసి చెప్పలేను కానీ నా మనసులో మాట చెప్తా. పేతురు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో జడలు అల్లుకోవడం, బంగారు నగలు, వస్త్రాలు ధరించుకోవడం, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నగలు పూర్తిగా నిషేధం అని చదివితే బట్టలు కూడా నిషేధం అని చదవాల్సి వస్తుంది. ఆయన చెప్పింది, నీ అలంకారం అక్కడితో ఆగిపోకూడదు, సాధుగుణం అనే చెడిపోని అలంకారం లోపల ఉండాలి అని. రిబ్కాకు అబ్రాహాము సేవకుడు ముక్కుకమ్మి, కడియాలు పెట్టాడు, దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ పెట్టాడు. అట్లాగని భక్తితో నగలు వదిలేసినవాళ్లను తక్కువ చేసి మాట్లాడొద్దు. మా వీధిలో ఒక పెద్దామె బాప్తిస్మం రోజున ఒంటి మీది బంగారం తీసేసి, దాన్ని అమ్మి పక్కింటి పిల్ల చదువుకు ఇచ్చింది, ఆమె ముందు నాకు ఇప్పటికీ తల వంగుతుంది. కానీ అది ఆమె తనకు తానుగా చేసింది. అద్దం చూసుకోవాలంటేనే ఏడుస్తున్న 16 ఏళ్ల పిల్ల చెవుల నుంచి ఇప్పుడు కమ్మలు లాగొద్దు. మీ పాస్టరుగారితో అల్లుడు మర్యాదగా మాట్లాడితే ఆయన అర్థం చేసుకుంటారనే నా నమ్మకం.

పాప తయారవుతుంటే సంతోషంగా చూడు, సాయం చెయ్యి. నయోమి తన కోడలు రూతుతో ఏమంది? స్నానం చేసి, నూనె రాసుకుని, మంచి బట్టలు కట్టుకొమ్మంది. ఉపవాసం ఉన్నప్పుడు కూడా తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కో, నలుగురికీ నీరసం చూపించొద్దు అన్నది ప్రభువే. శుభ్రంగా, చక్కగా ఉండడం దేవుడిచ్చిన శరీరానికి మనమిచ్చే మర్యాద. నువ్వు ఆదివారం పూట దానికి తలంటి, కొబ్బరినూనె పెట్టి, రెండు జడలు వేసేదానివి, తొమ్మిదో తరగతిలో ఎందుకు మానేశావు? మళ్ళీ మొదలుపెట్టు. తల దువ్వుతున్నప్పుడు పిల్లలు చెప్పే మాటలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు.

అది పొద్దున తినకుండా కాలేజీకి పోతోందని కూడా అన్నావు, లావవుతానని. దీన్ని క్రీమ్ కంటే తక్కువ అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని తేలింది. డాక్టరు దగ్గరికి ఎట్లాగూ పోతున్నారు కదా, హిమోగ్లోబిన్ కూడా చూపించు. శరీరం దేవుని ఆలయం అని ఊరికే చెప్తే సరిపోదు, ఆలయంలో దీపానికి నూనె పోయాలి కదా. రాగి సంగటి, ఆకుకూర పప్పు, శెనక్కాయల చట్నీ, ఒక గుడ్డు, ఇంట్లో ఉండేవే. అందరూ కలిసి కూర్చుని తినండి, దాని ప్లేటు వైపు చూసి వ్యాఖ్యానం మాత్రం చేయొద్దు, ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా.

ఫోన్ సంగతి నీకంటే అల్లునికి బాగా తెలుస్తుంది. కెమెరాలో బ్యూటీ ఫిల్టర్ అని ఒకటి ఉంటుందట, చాలా ఫోన్లలో మనం పెట్టకుండానే ఆన్‌లో ఉంటుందట, ముఖాన్ని అదే తెల్లగా, నున్నగా చేసి చూపిస్తుంది. రోజంతా ఆ ముఖం చూసి, రాత్రి అద్దంలో అసలు ముఖం చూస్తే ఏ పిల్లకైనా దిగులే. మొత్తం ఇంట్లో అందరి ఫోన్లలోనూ అది తీసేయండి, ఒక్క పాప ఫోన్లోనే కాదు. నువ్వు వాట్సాప్‌లో పెట్టుకున్న నీ ఫోటో కూడా మార్చు అమ్మీ, అందులో నువ్వు నాకు తెలిసిన నువ్వులా లేవు. మా తమ్ముడి కూతురి ముఖం నాకు ఇష్టం, ఉన్నది ఉన్నట్టుగా.

చిన్నోడి గురించి కూడా ఒక్క మాట. వాడు పొట్టి అని తోటి పిల్లలు ఆటపట్టిస్తున్నారని విన్నాను. మగపిల్లాడు, వాడికేం అని వదిలేయొద్దు. పొట్టివాడైన జక్కయ్య కథ వానికి చెప్పేటప్పుడు మేడిచెట్టు ఎక్కడంతో ఆపకు, ప్రభువు పైకి చూసి అతణ్ణి పేరు పెట్టి పిలిచాడు అనే దాకా చెప్పు.

పెళ్లి టెన్షన్ ఇప్పుడు పెట్టుకోవద్దు. "ఈ రంగుకు కట్నం ఎంత అడుగుతారో" అని మీ అత్తగారు నీతో అన్నది పాప చెవిన పడిందని నాకు గట్టి అనుమానం, ఆ ట్యూబు మొదలైన నెలా ఆ మాట అన్న నెలా దగ్గరగానే ఉన్నాయి, లెక్క వేసుకో. దాన్ని చదువుకోనివ్వండి. రేపు సంబంధం వస్తే, రంగు గురించి ముందుగా అడిగిన ఇంటికి మనం పిల్లను ఇవ్వం, అంతే. ఈ మాట అల్లుడు పాపతో నేరుగా చెప్పాలి. తండ్రి నోటి నుంచి విన్నది ఆడపిల్లకు చాలా ఏళ్లు పనికొస్తుంది, మా నాయన నాతో చెప్పిన ఒకటి రెండు మాటలు నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

నేను వచ్చే శనివారం పొద్దున బస్సుకు తాడిపత్రి మీదుగా వస్తున్నా, మధ్యాహ్నానికల్లా మీ ఇంట్లో ఉంటా. పాపతో నాకు ఒక పని ఉంది. అది పుట్టిన రోజు వార్డు బయట నేనన్న మాట దానికి నేనే చెప్పి, క్షమించమని అడగాలి. నువ్వు ముందుగా ఏమీ చెప్పొద్దు. అది కోప్పడితే కోప్పడనీ, నువ్వు అడ్డం రావద్దు. ఆ తర్వాత అది ఒప్పుకుంటే తలకు నూనె నేను పెడతా. డాక్టరు చీటీ, ఆ ట్యూబు రెండూ పారేయకుండా ఉంచు, నేను చూడాలి. జేజి ఫోటో బ్యాగులో ఇప్పుడే పెట్టేశాను.

మీ అత్త,
జమ్మలమడుగు